భన్‌పురి గోదాము గుట్టు చెప్పిందెవరు

మా ఏలియా తాతకు మెల్లగా మాట్లాడడం రాదు. రాయ్‌పూర్ వ్యాగన్ల రిపేరు షాపులో ముప్పయ్యేళ్లకు పైగా రివిట్లు కొట్టిన మనిషి. ఆ చప్పుడులో మంచినీళ్లు కావాలన్నా అరిచి అడగాల్సిందే. ఆ అరుపు ఇంటికీ వచ్చింది, చర్చికీ వచ్చింది. తెల్లారి ఆయన ప్రార్థనకు మోకరిస్తే క్వార్టర్ల వరస మొత్తం నిద్ర లేచేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలావిడ గోడ మీంచి తొంగిచూసి, "తుమ్హర్ భగవాన్ దురిహా మ రహిథే కా?" అనేది. మీ దేవుడు అంత దూరంలో ఉంటాడా అని. తాత నవ్వేవాడు కాదు. ఆయన దృష్టిలో గట్టిగా చెప్పిందే నిజం.

అరవై ఒకటిలో పాలకొల్లు నుంచి ఒక ట్రంకుపెట్టెతో దిగి, ఖలాసీగా చేరి, ఫిట్టరు దాకా ఎదిగాడు. నాన్నమ్మ రూతమ్మ ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో సూది, నోరు రెండూ ఆవిడవే. తాతకున్నదల్లా తెలుగు చర్చిలో ఒక కుర్చీ.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. చర్చిలో అందరూ చాపల మీద కూర్చుంటారు. పాస్టర్ గారి పక్కన మాత్రం సంఘపెద్దకని చేతులున్న టేకు కుర్చీ ఒకటి వేస్తారు. అందులో కూర్చోవడానికి తాత ఎన్నేళ్లు ఎదురుచూశాడో, ఎంతమందికి టీలు పోయించాడో దేవుడికి తెలుసు, టీకొట్టువాడికి తెలుసు. కుర్చీ దక్కాక ఆదివారం ఆయన నడకే మారిపోయింది. తెల్లచొక్కాకు ఇస్త్రీ తనే చేసుకునేవాడు. నాన్నమ్మ చేస్తే కాలరు నిలబడదట.

పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. సాక్ష్యం అంటారు. తాత ప్రతివారం లేచేవాడు. మేలు జరగని వారం కూడా ఏదో ఒకటి జరిగించేవాడు. ఒకసారి మురిక్కాలవ దగ్గర నీళ్లపాము కనిపించింది. మొదటి ఆదివారం అది మూరెడు. తర్వాతి నెలకు బారెడు. క్రిస్మసుకల్లా అది తాచుపామై, పడగ విప్పి, ప్రభువు పేరు వినగానే తల దించుకుని వెళ్లిపోయింది. జనం కూడా చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పేవారు. ఎవరికీ నష్టం లేదు. ఇంటిదారిలో నాన్నమ్మ మాత్రం, "ఆ పాముకు మేత మీరే వేస్తున్నట్టున్నారు, బాగా పెరుగుతోంది," అనేది.

నాన్నమ్మ తమ్ముడి కొడుకు సుందరరావు. తల్లీ తండ్రీ పోతే చిన్నప్పుడే తెచ్చుకుని పెంచారు. తాతకు సొంత కొడుకులతో సమానం. సొంత కొడుకులు మాట వింటారు, వీడు వినడు, అంతే తేడా. పదో తరగతి తప్పి, భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లారీల లోడు చూసుకునే పనిలో కుదిరాడు. కొన్నాళ్లకు చేతికి వాచీ వచ్చింది, కాళ్లకు మంచి బూట్లు వచ్చాయి. తాత చర్చిలో లేచి, ప్రభువు మా పిల్లవాడిని ఆశీర్వదించాడన్నాడు. ఆ ఆశీర్వాదం వాల్తేరు నుంచి పాసింజరు బండిలో చింతపండు బుట్టల అడుగున వస్తోందని ఆయనకు తెలియదు.

తొంభై రెండు వేసవిలో స్టేషను గేటు దగ్గర పోలీసులు బుట్టలు తిరగేశారు. పైన చింతపండు, కింద గంజాయి. బుట్టలు సుందర్ చేతుల్లోనే ఉన్నాయి. కాదనడానికి లేదు.

తాత షాపు బట్టల్లోనే, నూనె చేతులతోనే ఠాణాకు పరుగెత్తాడు. ఠాణేదారు పెద్దమనిషిలాగే ఉన్నాడు. కుర్చీ వేయించి, ఈ కుర్రాడు వట్టి మోతగాడు, సరుకు ఎవరిదో చెబితే వీడికే మంచిది, మీరు చెప్పించండి అన్నాడు. సుందర్ గోడకానుకుని కూర్చున్నాడు.

తాత వాడి చెవి దగ్గర నోరు పెట్టి రహస్యంగా, "చెప్పేయరా నాయనా! సాతానుకు నువ్వెందుకురా కాపలా?" అన్నాడు. ఆ రహస్యం వరండాలో ఉన్న కానిస్టేబుళ్లందరికీ వినబడింది. ఠాణేదారు తల పట్టుకుని, అందరినీ బయటికి పంపి, తలుపు వేయించాడు.

"చెబితే నన్ను లారీ కింద వేసేస్తారు మావయ్యా," అన్నాడు సుందర్. "మా కంపెనీ సేఠ్ సంగతి నీకు తెలీదు."

"తేరా నామ్ బాహర్ నహీ జాయేగా," అన్నాడు ఠాణేదారు. నీ పేరు బయటికి పోనివ్వను. శిక్ష వేసే రోజున జడ్జిగారికి మాత్రం నేనే చెబుతాను, ఈ అబ్బాయి సాయం చేశాడని.

సుందర్ తాత మొహం చూశాడు. తాత తలూపాడు. వాడు చెప్పాడు: భన్‌పురిలో లారీలు తూచే కాటా వెనక రేకుల గోదాము, అందులో సిమెంటు బస్తాల వెనక సరుకు. తెల్లవారకముందే గోదాము మీద పడ్డారు. సేఠ్ దొరికాడు. ఎవరో ముఖ్‌బిర్, అంటే వేగు ఇచ్చిన కబురు మీద పట్టుకున్నామని హిందీ పేపర్లో వేయించారు. అసలు సంగతి ఎరిగినవాళ్లు ముగ్గురే. సుందర్, ఠాణేదారు, తాత.

ఇక ఆదివారం వచ్చింది. పిల్లవాడి కోసం ప్రార్థించండి అని అడగాలనే తాత బయలుదేరాడు. చర్చి మెట్ల దగ్గరే జనం మాటలు ఆపేశారు. శాంతమ్మగారు పలకరించబోయి చెంగు సర్దుకుంది. లోపల టేకు కుర్చీ వేసే ఉంది కానీ, పాస్టర్ గారు దాన్ని చూసి, తాతను చూసి, మళ్లీ కుర్చీని చూశారు. ఆ మూడు చూపులు చాలు.

సాక్ష్యం వేళకు తాత లేచాడు. నోరు తెరిచేదాకా ప్రార్థనే అడగాలనుకున్నాడు. తెరిచాక వేరేది వచ్చింది.

"మా ఇంటి పిల్లవాడే పాపంలో నడిచాడు. ప్రభువు నాకు కలలో చూపించాడు. రక్తసంబంధమని నేను వెనకాడలేదు. నేనే ఠాణాకు వెళ్లాను. భన్‌పురి గోదాము నేనే చూపించాను! ఆ దుర్మార్గుణ్ణి ప్రభువు నా చేత పట్టించాడు!"

హల్లెలూయ అని చాపలన్నీ లేచాయి. శాంతమ్మగారు ఏడ్చేసింది. పాస్టర్ గారు దిగి వచ్చి కౌగలించుకుని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు. తాత చెమట తుడుచుకున్నాడు. పాములాంటిదే ఇదీ, రెండు వారాలు పోతే మరిచిపోతారు అనుకున్నాడు.

ఆయన గొంతు అలాంటిది, ఆ మాట అలాంటిది. చర్చి నుంచి రైల్వే కాలనీకి, కాలనీ నుంచి భన్‌పురి టీకొట్లకు చేరింది. సంఘంలో ఒక పోలీసు భార్య ఉంది. ఆవిడ ద్వారా ఠాణాకూ చేరింది. ఒక రాత్రి ఎవరో ఇంటి పెంకుల మీద రాళ్లు వేశారు, సైకిలు ట్యూబులు కోశారు. అంతకుమించి ఎవరూ జోలికి రాలేదు. బయటివాడు పట్టిస్తే అది సేఠ్ మనుషుల లెక్కలో తెగింపు. తమవాడు నోరు విప్పితేనే ద్రోహం.

జైలు ములాకాతులో ఇనపజాలీకి ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది, అందరూ ఒక్కసారే అరుస్తారు. తాత గొంతు సరిగ్గా సరిపోయే చోటు లోకంలో అదొక్కటే. కానీ ఆ రోజు సుందర్ జాలీకి మొహం ఆనించి మెల్లగా అన్నాడు:

"మావయ్యా, నువ్వు నన్ను బతికించావు."

"ఏంట్రా?"

"ఇక్కడ సేఠ్ మనుషులు నా మీదే అనుమానపడ్డారు. నా పళ్లెంలో ఉమ్మేవోళ్లు. స్నానానికెళ్తే చుట్టూ చేరేవోళ్లు. చర్చిలో నువ్వు చెప్పావని తెలిశాక వదిలేశారు. బుడ్ఢా హీ గద్దార్ నికలా, సొంత ముసలోడే ద్రోహం చేశాడు అని నవ్వుకుంటన్నారు. నా కోసం నీ మీదేసుకున్నావు కదా. సొంత నాన్నయినా చెయ్యడు."

కాదురా, కుర్చీ కోసం వేసుకున్నాను అని చెప్పడానికి తాత నోరు తెరిచాడు. చుట్టూ ఇరవైమంది. ఆయనకా గుసగుస రాదు. "ఆ... సరేలే. ఆవకాయ అందిందా?" అన్నాడు.

ఆ రోజు నుంచి తాతకు అన్నం సయించలేదు. తిట్టినవాణ్ణి ఎదుర్కోవడం ఆయనకు తెలుసు. మొక్కేవాణ్ణి ఎలా ఎదుర్కోవాలో తెలియలేదు. ములాకాతుకు వెళ్లిన ప్రతిసారీ వాడు దండం పెట్టేవాడు, ఈయన చూపు తప్పించి జాలీలో కన్నాలు చూసేవాడు.

విచారణ నత్తనడక నడిచి రెండేళ్లు గడిచాయి. మాట ఇచ్చిన ఠాణేదారు బస్తరుకు బదిలీ అయిపోయాడు, సుందర్ చెప్పిన సంగతి ఏ కాగితం మీదా లేదు. తొంభై నాలుగులో సుందర్ నేరం చేశాడని జడ్జి తేల్చేశాడు. ఇక తేలాల్సింది శిక్ష ఎంతన్నదే. తెలుగు వకీలు రామమూర్తి గారు తాతను కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు.

"గంజాయికి ఐదేళ్ల దాకా వేయొచ్చండి. ఎంతన్నది జడ్జిగారి ఇష్టం. మనవాడు పోలీసులకు సాయపడ్డాడని ఆయన నమ్మితే, ఈ రెండేళ్లు చాలు, ఇంటికి పొమ్మనొచ్చు. ఆ రోజే ఇంటికి."

"మరి చెప్పండి బాబూ!"

"చెప్పాను. సర్కారు వకీలు చెవిలోనే వేశాను, ఒప్పుకోవట్లేదు. ఈ కుర్రాడు నోరే మెదపలేదు, గోదాము సంగతి చెప్పిన ముఖ్‌బిర్ వేరే ఉన్నాడు అంటున్నాడు. ఆ ముఖ్‌బిర్ మీరేనట. చర్చిలో మీరే చాటారట కదా. మీకు దణ్ణం పెడతాను, నిజం చెప్పండి. చెప్పిందెవరు?"

"వాడే," అన్నాడు తాత. రామమూర్తి గారు ముందుకు వంగి, ఏమన్నారని మళ్లీ అడిగారు. ఏలియా తాత మాట వినబడక ఒకరు మళ్లీ అడగడం అదే మొదలు.

"అయితే అదే కోర్టులో చెప్పండి. నేను గొప్ప కోసం చర్చిలో అబద్ధమాడాను, చెప్పింది కుర్రాడే అనండి. అంతే."

ఇంటికొచ్చి తాత నాన్నమ్మకు మొత్తం చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"అంటే, ఆ కుర్చీలో మీ నడుం ఆనడానికి నా తమ్ముడి కొడుకు జైల్లో పడుకున్నాడన్నమాట."

"చెబుతానే. కోర్టులో అందరి ముందూ చెప్పేస్తాను."

"చెప్పండి. చర్చిలో అరిచిన దాంట్లో సగం గొంతు చాలు."

కానీ కోర్టుకు ముందు ఒక ములాకాతు ఉంది. సుందర్ అప్పటికే వకీలు నుంచి విన్నాడు. ఈసారి దండం పెట్టలేదు. జాలీ పట్టుకుని బతిమాలాడు.

"వద్దు మావయ్యా. నేను చెప్పాననొద్దు. ఆ రోజే ఇంటికి పంపిస్తాడు నిజమే, ఇంట్లో ఎన్నాళ్లుంటాను? భన్‌పురి లారీ ఒక్కటి చాలు నాకు. సేఠ్ లెక్కలు రాసే ముంషీ కోర్టులోనే కూర్చుంటాడు, వినడానికే. ఇంకో రెండేళ్లు పోతే పోనీ. సేఠ్ ఎటో కొట్టుకుపోతాడు, జనం మర్చిపోతారు. నీ మాట మీదే ఉండు. నా బంగారు మావయ్యవి కదూ."

"అది కాదురా, ఆ ఆదివారం నేను..."

"నువ్వు చేసింది చాలా గొప్ప పని. చివర్లో పాడు చెయ్యకు."

తాత ఇంటికొచ్చి ఈ ముక్క నాన్నమ్మకు చెప్పలేదు. చెబితే ఆవిడ ఏం చెయ్యమంటుందోనని భయం. చెప్పకపోతే తనేం చేస్తాడోనని ఇంకో భయం.

కోర్టు రోజున తాతకు తోడుగా పాస్టర్ గారు సంఘాన్ని సగం వెంటబెట్టుకొచ్చారు. వాళ్లు ఒక పక్క బెంచీల మీద సర్దుకున్నారు. వెనక బెంచీలో సఫారీ సూటు వేసుకుని, పాన్ నములుతూ సేఠ్ ముంషీ. నాన్నమ్మ ఒళ్లో గొడుగు పెట్టుకుని మొదటి వరసలో. సుందర్ ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య.

తాత బోనెక్కి, దేవుడి పేరు మీద నిజమే చెబుతానని ప్రమాణం చేశాడు. రామమూర్తి గారు ధైర్యంగా అడిగారు: గోదాము ఎక్కడుందో పోలీసులకు చెప్పిందెవరు?

తాత తల ఎత్తాడు. సుందర్ తల అడ్డంగా ఆడిస్తున్నాడు, కనీకనబడనంతగా. పాస్టర్ గారు కళ్లు మూసుకుని ఆయన కోసమే ప్రార్థన చేస్తున్నారు. ముంషీ నమలడం ఆపాడు.

"మైనే," అన్నాడు తాత. నేనే అని.

"జోర్ సే బోలియే," గట్టిగా చెప్పమన్నాడు జడ్జి.

"మైనే బతాయా థా, హుజూర్! మైనే!"

కిటికీ రేకులు అదిరాయి. రామమూర్తి గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పడేశారు. నిందితుడు సాయం చేశాడన్న మాట రుజువు కాలేదని జడ్జి రాయించాడు. కుర్రాడి వయసు చూసి ఐదుకు బదులు నాలుగేళ్లు వేశాడు. జైల్లో గడిచినవి పోను ఇంకా రెండేళ్లు. ముంషీ లేచి వెళ్లిపోయాడు. సుందర్ బేడీల చేతులు పైకెత్తి తాతకు దండం పెట్టాడు. వాడి మొహంలో సంతోషం. తాత రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. పాస్టర్ గారు స్తోత్రం అన్నారు. నాన్నమ్మ గొడుగు తీసుకుని ఎవరి కోసమూ ఆగకుండా నడిచి వెళ్లిపోయింది.

ఇంట్లో తాత ములాకాతు సంగతి ఇప్పుడు చెప్పాడు. లారీ, ముంషీ, వాడి బతిమాలడం, అన్నీ. నాన్నమ్మ గొడుగు మూలన పెట్టింది.

"వాడే వద్దన్నాడే," అన్నాడు తాత మళ్లీ.

"విన్నాను. వాడు వద్దనకపోతే చెప్పేవారా?"

"చెప్పేవాణ్ణే."

"పాస్టర్ గారు అక్కడ కూర్చున్నా?"

బోనులో తాత తల ఎత్తినప్పుడు ముందు కనబడింది సుందర్ మొహమా, పాస్టర్ గారి మొహమా? ఎంత గుర్తు చేసుకున్నా తేలలేదు. ఒకసారి సుందర్‌ది ముందొచ్చేది, ఒకసారి పాస్టర్ గారిది. అంతకాలం పామును తన ఇష్టం వచ్చినంత పెంచిన మనిషికి, ఈ ఒక్క క్షణాన్ని ఉన్నదున్నట్టు చూడడం చేతకాలేదు.

తర్వాతి ఆదివారం పాస్టర్ గారి ఇంటికి వెళ్లాడు. తలుపు వేసి, అతి కష్టం మీద గొంతు తగ్గించి చెప్పాడు. "అయ్యా, ఆ గోదాము మాట నాది కాదు. చెప్పింది కుర్రాడే. నేను గొప్పకు పోయి అబద్ధమాడాను. నాకా కుర్చీ తగదు."

పాస్టర్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏలియా గారూ! పిల్లవాడికి మంచిపేరు తేవాలని మీ పేరు చెడగొట్టుకుంటున్నారా! ఎంత ప్రేమండీ మీది!"

పాస్టర్ గారికి తాత నిజం చెప్పింది ఆ ఒక్కసారే, అదే ఆయన నమ్మలేదు. గట్టిగా చెప్పి నమ్మిద్దామంటే భన్‌పురి లారీ భయం. చివరికి మోకాళ్లు నొప్పులని వంక పెట్టి, సంఘపెద్ద పని మానుకుని, వెనక చాప మీదికి పోయాడు. మోకాళ్ల నొప్పులున్నవాడు కుర్చీ దిగి చాపమీద కూర్చోవడమేమిటని మేం పిల్లలం నవ్వేవాళ్లం. సంఘం మాత్రం ఎంత వినయం అని మెచ్చుకుంది. ఆ మెప్పుకు ఆయన ఇంకా ముడుచుకుపోయేవాడు. సాక్ష్యానికి మళ్లీ లేవలేదు. మాకైతే ఆదివారాలు చప్పగా తయారయ్యాయి.

సుందర్ తొంభై ఆరులో వచ్చాడు. అప్పటికి సేఠ్‌ను వేరే ఊరి జైలుకు మార్చారు, ట్రాన్స్‌పోర్టు కంపెనీ చేతులు మారింది. తాత సైకిలేసుకుని ఒక్కడే జైలు గేటుకు వెళ్లాడు. వాడు వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోతే వెనక్కి గెంతాడు.

"ముందు ఒక మాట వినరా."

"చెప్పు మావయ్యా. ఊరందరికీ వినబడేలా మాత్రం చెప్పకు."

"ఆ ఆదివారం చర్చిలో చెప్పింది నీ కోసం కాదురా. కుర్చీ పోతుందని చెప్పాను. నీ ప్రాణం సంగతి నాకు తట్టనైనా తట్టలేదు. నువ్వు దండాలు పెడుతుంటే ఊరుకున్నాను."

సుందర్ నడక ఆగింది. నాలుగేళ్లలో వాడి చెంపలు లోపలికి పోయాయి. తాత మొహం కేసే చూశాడు.

"మరి కోర్టులో?"

"అది నాకూ తెలీదురా."

సుందర్ నవ్వలేదు. కోప్పడలేదు. సైకిలు హ్యాండిలు తాత చేతుల్లోంచి తీసుకుని, సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఎక్కు. నేను తొక్కుతాను."

"తిట్టవేంట్రా?"

"తిడతాను. ఇంటికెళ్లాక, అత్త ముందు. ఆవిడ కూడా అందుకుంటది."

తాత వెనక క్యారియరు మీద రెండు కాళ్లూ ఒకవైపు వేసుకుని, కొత్త పెళ్లికూతురిలా కూర్చున్నాడు. దారి పొడుగునా తిట్లకు సిద్ధపడుతూనే ఉన్నాడు. ఇంటికెళ్లాక సుందర్ నాన్నమ్మ వండిన చేపల పులుసుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ ఏమీ అనలేదు. ఆ నెలలోనే పండరీ బజారులో బట్టల దుకాణంలో కుదిరాడు, తర్వాత పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. వారానికోసారి వచ్చి, తాతకు గోళ్లు తీసి, మందులు తెచ్చిపెట్టి, కబుర్లు చెప్పి పోతాడు.

వాడు వచ్చిన ప్రతిసారీ తాత మంచం మీద నిటారుగా కూర్చుంటాడు. వాడు చెప్పులు వేసుకుని వెళ్లేదాకా మొహం చూస్తూనే ఉంటాడు. వాడు వెళ్లాక నాన్నమ్మను అడుగుతాడు, ఆయనకొచ్చినంత మెల్లగా:

"ఇవాళ కూడా ఏం అనలేదే?"